పది బై పది మడిగెలో బేరింగ్ ప్రెస్ ఎలా బిగించుకోవాలి

మోటర్ వైండింగ్ షాపు పెట్టేవాళ్లు ముందుగా వైండింగ్ మిషను కొంటారు, తర్వాత మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు), తర్వాత వార్నిష్ డబ్బాలు. బేరింగ్ పని మాత్రం సుత్తె, ఒక పైపు ముక్కతోనే నడుస్తుంది. హాలియా నుంచి కల్వకుర్తి దాకా రోడ్డు పక్క షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎందుకని అడిగితే, ‘మడిగె చిన్నది, ప్రెస్ ఎక్కడ పెట్టాలె?’ అంటారు. మామూలు మడిగెలో కూడా ప్రెస్, అంటే బేరింగును నొక్కి ఎక్కించే, ఊడదీసే మిషను, పడుతుంది. కాకపోతే ఎక్కడ, ఎంత ఎత్తున, దేనికి బిగించాలో ముందే ఆలోచించుకోవాలి.

సుత్తె ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. కొత్త బేరింగును కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ గోళీల గుండా పోయి, అవి నడిచే గాడి మీద సన్నటి గుంటలు పడతాయి. అవి కంటికి కనిపించవు. షాపులో టెస్ట్ చేసినప్పుడు మోటరు బాగానే తిరుగుతుంది. పొలంలో రోజుల తరబడి నడిచాక గుయ్యిమని మోత మొదలవుతుంది, బేరింగ్ లూజవుతుంది. చిన్న మోటర్లలో లోపల తిరిగే రోటరుకూ దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. బేరింగ్ జారగానే రోటరు స్టేటరును రాసుకుంటుంది, కొత్త వైండింగ్ కూడా కాలిపోతుంది. రైతుకు అర్థమయ్యేది ఒక్కటే, మీరు చేసిన వైండింగ్ నిలబడలేదని. యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు ఇలా జరిగితే మోటరు మళ్లీ బాగయ్యేదాకా మడి ఎండుతుంది. ఆ నష్టం ముందు ప్రెస్ ఖర్చు ఏపాటిది?

మీ దగ్గరికి వచ్చే పనిని బట్టి ప్రెస్

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ చుట్టుపక్కల ఉంటే మీకు మోనోబ్లాకులు (మోటరూ పంపూ ఒకటిగా ఉండేవి), కూలర్లు, ఫ్యాన్లు, చిన్న చిన్న మిల్లు మోటర్లు వస్తాయి. వీటిలో ఎక్కువగా ఉండేవి బాల్ బేరింగులే. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట వైపు బోర్ల మీద బతికే ఊళ్లలో సబ్‌మెర్సిబుల్ మోటర్లే ఎక్కువ. నీళ్లు నింపే ఈ మోటర్లలో బాల్ బేరింగులకు బదులు బుష్‌లు (గోళీలు లేని గొట్టం లాంటి బేరింగులు), అడుగున రోటరు బరువు మోసే థ్రస్ట్ ప్యాడ్ ఉంటాయి. వీటికీ ప్రెస్ కావాలి, కానీ వాడే తీరు వేరు.

ప్రెస్‌లలో మనకు పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి ఆర్బర్ ప్రెస్. లివర్ లాగితే పళ్ల కడ్డీ కిందికి దిగుతుంది. దీనికి నూనె అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, టేబుల్ మీద బిగించుకుంటే చాలు. ఎంత బలం పడుతున్నదో చేతికి తెలుస్తుంది, చిన్న బేరింగుల పనిలో అదే పెద్ద మేలు. రెండోది బాటిల్ జాక్‌తో (నూనె ఒత్తిడితో నెట్టే జాకీ) పనిచేసే హెచ్ ఆకారపు ఫ్రేమ్. దీని బలం ఎక్కువ, కానీ చేతికి ఏమీ తెలియదు, గేజ్ ఉంటే తప్ప.

కొత్త బేరింగ్ ఎక్కించడానికి పెద్ద బలం అక్కర్లేదు. తుప్పు పట్టి కరుచుకున్న దాన్ని అదే షాఫ్ట్ మీంచి ఊడదీయడానికి దానికి ఎన్నో రెట్ల బలం కావాలి. కాబట్టి ఫ్యాన్లు, కూలర్లు, 3 హెచ్‌పీ దాకా మోనోబ్లాకులు ప్రధానమైతే ఒకటి రెండు టన్నుల ఆర్బర్ ప్రెస్, దానికి తోడు ఒక మంచి పుల్లర్ (బేరింగును లాగి ఊడదీసే పనిముట్టు) సరిపోతాయి. 5, 7.5 హెచ్‌పీ మోటర్లు, బోరు మోటర్ల బుష్‌లు రోజూ వస్తుంటే 10 టన్నుల హెచ్ ఫ్రేమ్ తీసుకోండి. రైస్ మిల్లుల 20, 30 హెచ్‌పీ మోటర్ల కోసమని ఇంకా పెద్దది కొనకండి. ఆ బేరింగులను హీటరుతో వేడిచేసి ఎక్కించడమే సరైన పద్ధతి, పైగా ఆ రోటర్లను ఎత్తి తిప్పడానికి మీ మడిగె చాలదు.

కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే ఊరికే చూసి రాకండి. ఆర్బర్ ప్రెస్ అయితే ర్యామ్‌ను, అంటే కిందికి దిగి నొక్కే ఆ పళ్ల కడ్డీని, సగం దించి, చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపి చూడండి, కదలిక ఉండొద్దు. హెచ్ ఫ్రేమ్ అయితే ఇనుప దిమ్మె పెట్టి జాక్ బిగించి, టీ తాగొచ్చేంత సేపు వదిలేయండి. ఆలోపు బిగువు తగ్గితే జాక్ సీళ్లు బాగాలేవని అర్థం. ఊళ్లో వెల్డింగ్ షాపులో ఫ్రేమ్ చేయించుకుంటే చవకే. కానీ వెల్డింగ్ తెగితే టన్నుల బలంలో ముక్కలు మనిషి మీదికే వస్తాయి. నా మాట వింటే కంపెనీ ఫ్రేమే కొనండి.

సుద్దతో గీసి చూడండి

ప్రెస్ ఎంత చోటు తీసుకుంటుందన్నది చిన్న లెక్క. అందులో పెట్టే షాఫ్ట్ ఎంత చోటు తీసుకుంటుందన్నది అసలు లెక్క. చాలామంది మిషను కొలతలు చూసి మూలన ఇరికిస్తారు. తీరా బిగించాక పొడవాటి రోటరు కింద నేలకు తగులుతుంది, లేదా లివర్ గోడకు తగులుతుంది. అందుకే మీ షాపుకు వచ్చే వాటిలో అన్నిటికన్నా పొడవైన రోటరును ముందు టేపుతో కొలవండి. తర్వాత అనుకున్న చోట నేల మీద ప్రెస్ అడుగు కొలత సుద్దతో గీయండి. లివర్ పొడవున్న కర్రను గోడ పక్కన నిలబడి పై నుంచి కిందికి పూర్తిగా తిప్పి చూడండి. మీరు నిలబడటానికి ముందు రెండడుగులు, కుడిపక్క చెయ్యి ఆడటానికి ఒక అడుగు మిగలాలి. హెచ్ ఫ్రేమ్ అయితే జాక్ హ్యాండిల్ పైకీ కిందికీ ఊగే చోటు కూడా చూసుకోవాలి.

షాపులో ఏ మూల? నేనైతే షట్టరుకు దగ్గరి మూలే చెప్తాను. బరువైన మోటర్లు ఆటో దిగేది అక్కడే, వాటిని వైండింగ్ టేబుల్ దాటించి లోపలికి మోయాల్సిన పని లేదు. పగటి వెలుతురూ దొరుకుతుంది. షట్టరు పక్క చానెల్ నుంచి కనీసం రెండడుగులు ఎడంగా ఉంచండి, లేకపోతే సాయంత్రం షట్టరు దించేటప్పుడు రోజూ ఇబ్బందే. రోడ్డు దుమ్ము వస్తుందన్న మాట నిజమే. దానికి విరుగుడు ఏమిటంటే, కొత్త బేరింగ్ ప్యాకెట్‌ను షాఫ్ట్ తుడిచి సిద్ధమయ్యాకే విప్పడం.

ఒక విషయంలో మాత్రం సర్దుకోవద్దు. ప్రెస్‌కూ వైండింగ్ టేబుల్‌కూ మధ్య అడ్డు ఉండాలి. ప్రెస్ పని చేస్తే తుప్పు పెళ్లలు, ఇనుప రజను రాలుతాయి. ఆ రజను కాయిల్స్‌లో పడితే రాగి తీగ ఎనామెల్‌ను గీకుతుంది, అక్కడే షార్టవుతుంది. ఒక రేకు నిలబెట్టినా చాలు, పాత ఫ్లెక్సీ కట్టినా చాలు. వార్నిష్, థిన్నర్ డబ్బాలు ప్రెస్ వైపు ఉండకూడదు. పాత బేరింగ్ ఊడదీయడానికి ఎప్పుడో ఒకప్పుడు గ్యాస్ మంట వెలిగిస్తారు, చిన్న మడిగెలో ఆ ఆవిరి అంటుకోవడానికి క్షణం పట్టదు.

కింద బండలా, కాంక్రీటా?

పది టన్నుల ప్రెస్ అంటే నేల మీద పది టన్నుల బరువు పడుతుందని భయపడేవాళ్లున్నారు. అలా కాదు. నొక్కే బలమంతా ఫ్రేమ్ లోపలే తిరుగుతుంది, పై దూలాన్ని ఎంత నెడితే కింది మంచాన్ని (పనిని పెట్టే అడ్డ దూలాన్ని) అంతే నెడుతుంది. నేల మోసేది మిషను బరువు, పెట్టిన మోటరు బరువు, మీరు లివర్ లాగే ఊపు మాత్రమే. ఈ ఊపుకే ప్రెస్ ముందుకు ఒరుగుతుంది. బోల్టులు దానికోసమే.

మన దగ్గర మడిగెల్లో ఎక్కువగా షాబాద్ బండలో, తాండూరు బండలో పరుస్తారు. వాటి కింద ఉండేది చాలాసార్లు ఇసుక, మొరం. బండకు రంధ్రం వేసి యాంకర్ బోల్ట్ బిగిస్తే అది పట్టుకునేది అంగుళం మందం బండనే. కొన్నాళ్లకు బండ పగిలి బోల్ట్ చేతికొస్తుంది. చుట్టుగోడ కూడా చాలా చోట్ల నాలుగంగుళాలదే, అవతల పక్క షాపు ఉంటుంది. దానికి ప్రెస్ బిగించే ఆలోచనే చేయొద్దు.

చేయాల్సింది ఇది. మడిగె ఓనరును ముందు అడగండి. ఒక్క బండ తీయించి, అడుగున్నర చదరం, అడుగు లోతు గుంట తవ్వి, ఒకటి సిమెంటుకు రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్లతో కాంక్రీటు పోయించండి. పోసేటప్పుడే ఫౌండేషన్ బోల్టులు నిలబెట్టాలి. ప్లైవుడ్ ముక్కకు ప్రెస్ అడుగుకు సరిపోయే రంధ్రాలు వేసి, బోల్టులను వాటిలోంచి దూర్చి పట్టిస్తే జరగవు. వారం రోజులు తడి గోనె సంచి కప్పి ఉంచండి. ఎండాకాలమైతే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు పోయాలి, నల్లగొండ ఎండకు ఒక్క పూట మరిచినా పైపొర బీటలిస్తుంది. ఆ వారంలో ఎంత గిరాకీ వచ్చినా ప్రెస్ బిగించకండి.

ఓనరు ఒప్పుకోకపోతే? అప్పుడు ఆర్బర్ ప్రెస్ బరువైన ఇనుప టేబుల్‌కు బిగించి, ఆ టేబుల్ కాళ్ల మధ్య అడుగున పలక వెల్డింగ్ చేయించి, దాని మీద పాత స్టేటర్లు, ఇనుప సామాను పేర్చండి. ఆ బరువుకు టేబుల్ కదలదు.

ఆర్బర్ ప్రెస్ బిగింపు

చోటు మరీ తక్కువగా ఉంటే టేబుల్ కన్నా ఒంటి స్తంభం మేలు. ఆరంగుళాల ఇనుప పైపు, అడుగున మందపాటి ప్లేటు, పైన మరో ప్లేటు. నేల మీద అడుగున్నర చదరంలో పనైపోతుంది. ఎత్తు మీ నడుముకు సమంగా ఉండాలి. లివర్‌ను భుజం పై నుంచి నడుము దాకా లాగేటప్పుడు ఒంటి బరువు సాయం కావాలి, అంతకన్నా ఎత్తులో పెడితే భారమంతా భుజాల మీదే పడుతుంది.

పై ప్లేటు మీద ప్రెస్‌ను మధ్యలో పెట్టకండి, ముందు అంచుకు జరపండి. ప్రెస్ అడుగున గుండ్రటి పలక, దానికి రకరకాల వెడల్పు గాడులు ఉంటాయి కదా, షాఫ్ట్ ఆ గాడిలోంచి కిందికి దిగాలి. ప్రెస్ వెనక్కి ఉంటే షాఫ్ట్ టేబుల్‌కు తగిలి ఆగిపోతుంది. అంచుకు జరిపితే ఎంత పొడవైన షాఫ్ట్ అయినా టేబుల్ ముందు వేలాడుతుంది. ఒంటి స్తంభమైతే పై ప్లేటు స్తంభం కన్నా ముందుకు నాలుగైదు అంగుళాలు పొడుచుకుని వచ్చేలా చేయించండి. అలా చేస్తే బరువు ముందుకు పడుతుంది, అందుకని వెనక బోల్టులు గట్టిగా ఉండాలి.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ఆరపార పోవాలి, కింద వాషరు, డబుల్ నట్టు. చెక్క టేబుల్‌కు మరలు తిప్పి ఊరుకుంటే నిలవదు, చెక్క కింద ఇనుప పట్టీ వేయాలి.

హెచ్ ఫ్రేమ్ అయితే

బాటిల్ జాక్ నిటారుగానే పని చేస్తుంది, తలకిందులుగా పెడితే నూనె బదులు గాలి లాగుతుంది. కాబట్టి ఈ ఫ్రేమ్‌లలో జాక్ ఒక కదిలే పలక మీద నిలబడి, పై దూలాన్ని నెడుతూ ఆ పలకను కిందికి దించుతుంది. స్ప్రింగులు మళ్లీ పైకి లాగుతాయి. స్ప్రింగులు రెండూ ఒకే బిగువుతో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి సాగితే పలక వాలుతుంది, వాలిన పలకతో బేరింగ్ వంకరగా దిగుతుంది.

ఫ్రేమ్ నిలబెట్టాక రసమట్టం పెట్టి రెండు వైపులా సరిచేసి, కింద పల్చటి రేకు ముక్కలు వేసి బోల్టులు బిగించండి. తర్వాత లేత్ మీద తీసిన గుండ్రటి కడ్డీ ఒకటి మంచం మీద నిలబెట్టి, ర్యామ్ దాని దాకా దించి, మూలమట్టంతో ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. తేడా కనిపిస్తే ఇప్పుడే సరిచేసుకోవాలి.

బోరు మోటరు రోటర్లు పొడవుగా ఉంటాయి. మంచం పైకి జరిపినా చాలకపోతే, కాంక్రీటు పోసేటప్పుడే ఫ్రేమ్ మధ్య భాగం కింద పైపు ముక్క పెట్టి గుంత వదిలించుకోండి. మామూలు రోజుల్లో దాని మీద ఇనుప పలక మూత వేస్తే నడకకు అడ్డం ఉండదు. చిన్న మడిగెకు ఇది చాలా కలిసొచ్చే ఏర్పాటు.

మంచం పిన్నులు పూర్తిగా లోపలికి దూరాకే జాక్ ఎత్తాలి. పిన్ను పోయిందని ఇంకో బోల్టు ముక్క దూర్చి పని కానివ్వొద్దు.

స్లీవులు లేకపోతే ప్రెస్ ఉన్నా దండగే

ప్రెస్ బలాన్ని బేరింగులో సరైన రింగుకు చేర్చేది స్లీవే, అంటే బేరింగ్ మీద ఆనించే గొట్టం ముక్క. షాఫ్ట్ మీదికి ఎక్కిస్తున్నప్పుడు లోపలి రింగును నొక్కాలి. మోటరు కవరులోకి దించుతున్నప్పుడు బయటి రింగును నొక్కాలి. బలం గోళీల మీదుగా పోతే సుత్తెతో కొట్టినట్టే.

బేరింగ్ నంబరులో చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 04 నుంచి పైకి. 6204కు 20 మిల్లీమీటర్లు, 6205కు 25, 6206కు 30. చిన్నవాటికి లెక్క వేరు, 6201కి 12, 6202కు 15, 6203కు 17. జీఐ పైపు ముక్కల్లో ముప్పావు అంగుళానిది 6204 లోపలి రింగుకు, అంగుళానిది 6205కు దాదాపు సరిపోతాయి. అయినా బేరింగ్ మీద పెట్టి, అంచు సీలుకు గానీ షీల్డుకు గానీ (గోళీలను పక్క నుంచి మూసే మూతలు) తగలడం లేదని చూసుకోండి. 6203, 6206లకు పైపు అట్లాగే కుదరదు, లేత్ మీద తీయించుకోవాలి. ఏ ముక్క అయినా రెండు కొసలూ లేత్ మీద సమంగా కోయించండి. హాక్సాతో కోసిన కొస వంకర, ఆ వంకరే బేరింగుకు ఎక్కుతుంది.

ఒక్కో స్లీవు మీద బేరింగ్ నంబరు పెయింటుతో రాసి, ప్రెస్ పక్కన చెక్కకు మేకులు కొట్టి తగిలించండి. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే తొందరలో చేతికి దొరికిందే పెడతారు.

మొదటి బేరింగ్

ఊడదీయడంతో మొదలుపెడదాం, ప్రమాదం ఎక్కువ ఉన్నది అందులోనే. సర్‌క్లిప్ (షాఫ్ట్ మీద బేరింగును ఆపే స్ప్రింగు రింగు) ఉంటే తీయండి, షాఫ్ట్ గాడిలో కీ ఉంటే అదీ తీయండి. బేరింగ్ కింద రెండు ముక్కల ప్లేటు పెట్టి, అది లోపలి రింగును ఆనేలా చూడండి. బయటి రింగు మీద ఆనితే గోళీలు భారం మోస్తాయి, గట్టి ఉక్కు రింగు పగిలి ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. బేరింగ్ చుట్టూ గోనె సంచి చుట్టండి. ముఖం ప్రెస్‌కు సూటిగా పెట్టకండి, గిరాకీని, పిల్లలను దూరంగా నిలబెట్టండి. షాఫ్ట్ కొసకూ ర్యామ్‌కూ మధ్య ఇత్తడి ముక్క పెడితే షాఫ్ట్ కొసన ఉండే లేత్ సెంటరు గుంట చెడదు. బేరింగ్ వదిలిన క్షణంలో రోటరు కింద పడుతుంది, దాని కింద చెక్క, పాత టైరు ముక్క ముందే వేసి ఉంచండి.

ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌ను సన్నటి ఎమెరీ కాగితంతో తుడిచి, గుడ్డతో శుభ్రం చేసి, పల్చగా నూనె రాయండి. బేరింగ్ చేత్తో నిటారుగా పెట్టి, స్లీవు దాని మీద ఉంచి, మెల్లగా నొక్కండి. బలం ఒకే తీరుగా పెరుగుతూ పోవాలి. మధ్యలో ఒక్కసారిగా బిగుసుకుంటే అది వంకరపోయిందని గుర్తు. బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. షాఫ్ట్ మెట్టుకు ఆనగానే చేతికి గట్టిగా తెలుస్తుంది, అక్కడే ఆపేయాలి. మెట్టుకూ రింగుకూ మధ్య పల్చటి ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) దూరకపోతే సరిగ్గా కూర్చున్నట్టే.

రెండు పక్కలా షీల్డు గానీ సీలు గానీ ఉన్న బేరింగులలో కంపెనీ గ్రీజు ఉంటుంది, వాటిని పెట్రోలుతో కడగొద్దు. తెరిచి ఉండే బేరింగులో ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం దాకానే గ్రీజు పెట్టండి. నిండా కుక్కితే వేడెక్కుతుంది. కొత్త బేరింగును గ్యాస్ మంటతో వేడి చేయడం అసలే వద్దు, 120 డిగ్రీలు దాటితే ఉక్కు గట్టిదనం పోవడం మొదలవుతుంది, సీళ్లు అంతకన్నా ముందే పోతాయి.

మోటరు కవరులో బేరింగ్ గూడు అరిగి బయటి రింగు తిరుగుతుంటే, సెంటర్ పంచుతో చుక్కలు కొట్టి బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ చుక్కలు కొన్నాళ్లకే అణిగిపోతాయి. కవరులో ఆ గూడును లేత్ మీద పెద్దది చేయించి, అందులో కొత్త గొట్టం (దీన్నీ స్లీవే అంటారు) వేయించండి. రైతుకు ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఎందుకో విడమరిచి చెప్తే ఎవరూ కాదనరు.

బోరు మోటరు బుష్‌లకు వచ్చేసరికి, మన గట్టి నీళ్ల వల్ల సున్నం పొర పట్టి పాత బుష్ మొండికేస్తుంది. ముందు ఆ పొరను గీకి తీసి, బ్రాకెట్ కింద నిండుగా ఆనిక పెట్టాకే నొక్కండి, పోత ఇనుము చీలుతుంది. కొత్త బుష్ దిగాక దాని లోపలి రంధ్రం కొద్దిగా ముడుచుకుంటుంది, కాబట్టి షాఫ్ట్ కొలతకు రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు చెక్కే పనిముట్టు) కొట్టించాలి. కార్బన్ బుష్, థ్రస్ట్ ప్యాడ్ పెళుసువి. ఒక్క పక్క బలం పడినా పగులుతాయి, అందుకని వాటి కోసం నిండు ముఖం ఉన్న స్లీవు వేరుగా చేయించుకోండి.

మొదటి వారం పని అయ్యాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి, కొత్తలో కొద్దిగా వదులవుతాయి. రాత్రి షట్టరు వేసే ముందు జాక్ వాల్వు వదిలేసి, ర్యామ్‌కు నూనె గుడ్డ తుడిచి, మంచం మీద రాలిన రజనును బ్రష్‌తో ఎత్తి డబ్బాలో పోయండి. గాలి పైపుతో ఊదొద్దు, అది నేరుగా వైండింగ్ టేబుల్ మీదికే పోతుంది.